రన్‌రిగ్ బృందం: గేలిక్ భాషలో రాక్ సంగీతం వేళ్ళూనిన తీరు (1973–2018)

స్కాట్లండు వాయవ్య తీరంలోని స్కై ద్వీపంలో 1973లో ఏర్పడి, 2018 దాకా 45 సంవత్సరాలు కొనసాగిన రాక్ బృందం రన్‌రిగ్. గ్రామీణ నాట్యశాలల్లో అకార్డియన్ వాద్యంతో మొదలైన ఈ బృందం 1993 నాటికి బ్రిటన్ ఆల్బమ్ విక్రయాల పట్టికలో 2వ స్థానం దాకా వెళ్ళింది. అందుచేత సంగీత చరిత్రలు దీన్ని ఒక ప్రాంతీయ విజయగాథగా చెబుతాయి. ఆ కథనం అబద్ధం కాదు గాని అసంపూర్ణం. భాషాచరిత్ర వైపు నుంచి చూసినప్పుడు అదే కాలం మరొక రకంగా కనిపిస్తుంది. బృందం ఎదిగిన కొద్దీ దాని ఆల్బమ్‌లలో గేలిక్ పాటల పాలు తగ్గింది. దాని శ్రోతలు వేల సంఖ్యలో పెరిగిన దశాబ్దాలలోనే గేలిక్ మాట్లాడేవారు వేల సంఖ్యలో తగ్గారు. 1981 జనగణనలో స్కాట్లండులో గేలిక్ మాట్లాడేవారు 79 వేలకు పైగా ఉండగా, 2001 నాటికి 58 వేలకు పైగా మాత్రమే మిగిలారు. ఈ రెండు గీతలూ ఒకదానికొకటి ఎదురుగా నడిచిన మాట నిజమే అయినా, వాటి మధ్య సంబంధం ఎటువంటిదో తేల్చడం అంత సులభం కాదు.

పేరు వెనుక నేల

రన్‌రిగ్ అన్నది వ్యవసాయ పదం. రిగ్ అంటే ఎత్తుగా దున్ని తీర్చిన సన్నని నేలపట్టీ. 18వ శతాబ్దం దాకా హైలాండ్స్ ప్రాంతపు పల్లెల్లో సాగుభూమిని ఇటువంటి పట్టీలుగా విడదీసి, కొన్నేళ్ళకొకసారి చీట్లు వేసి కౌలుదారుల మధ్య పంచుకొనేవారు. మంచి నేల ఒకరికే, రాతి నేల మరొకరికే శాశ్వతంగా దక్కకుండా చేసిన ఏర్పాటు ఇది. భూస్వాములు వ్యవసాయాభివృద్ధి పేరుతో ఈ పద్ధతిని రద్దుచేసి మొదట విడివిడి చిన్న కమతాలను, తరువాత గొర్రెల మేతబీళ్ళను ఏర్పాటు చేశారు. 18వ శతాబ్దపు ఉత్తరార్ధం నుంచి 19వ శతాబ్దం మధ్య దాకా ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. చరిత్రలో క్లియరెన్సెస్ అని పేరుపడిన ఈ నిర్వాసనం వల్ల గేలిక్ ప్రజలు కెనడా, అమెరికా, ఆస్ట్రేలియాలకు, గ్లాస్గో నగరపు కర్మాగారాలకు చెదరిపోయారు.

తిరుగుబాటు వచ్చింది గాని ఆలస్యంగా వచ్చింది. స్కై ద్వీపంలో పోర్ట్రీ పట్టణానికి దగ్గరలోని బ్రేస్ గ్రామాలవారు 1882 ఏప్రిల్‌లో, కొండ మేతబీడుపై తమ హక్కు కోసం, గ్లాస్గో నుంచి రప్పించిన పోలీసులను రాళ్ళతో, కర్రలతో ఎదుర్కొన్నారు. ఫలితంగా 1883లో ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించింది. దాని అధ్యక్షుడు లార్డ్ నేపియర్. ఈ పేరు తెలుగు పరిశోధకులకు కొత్తది కాదు. 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్నది ఈయనే. గంజాం కరువు ఈయన పాలన మొదటి సంవత్సరపు ఘటన. తన సంఘం తొలి విచారణను బ్రేస్‌లోనే జరిపి, సాక్ష్యం చెప్పవచ్చిన రైతుల మాటలను పెద్ద సంపుటాలుగా ప్రకటింపజేశాడు. 1886లో వచ్చిన చట్టం చిన్న కమతాల రైతులకు భూమిపై స్థిరమైన కౌలుహక్కును, న్యాయమైన సిస్తును ఇచ్చింది. పోయిన నేలను మాత్రం తిరిగి ఇవ్వలేదు.

భాష విషయంలో చట్టం ఆ మాత్రం దయ కూడా చూపలేదు. స్కాట్లండులో నిర్బంధ విద్యను ప్రవేశపెట్టిన 1872 నాటి చట్టం గేలిక్ ఊసే ఎత్తలేదు. పిల్లలు బడిలో ఇంగ్లీషు నేర్చుకొని ఇంటికి వచ్చి గేలిక్ మాట్లాడారు. తరువాతి తరం ఇంట్లోనూ ఇంగ్లీషే మాట్లాడింది. 1891లో రెండున్నర లక్షలుగా ఉన్న గేలిక్ భాషీయులు 1971 నాటికి 90 వేల లోపుకు దిగారు. ఈ మధ్యకాలంలో గేలిక్ పాటకు దొరికిన గౌరవస్థానాలు రెండే. ఒకటి, 1892 నుంచి ఏటా జరిగే మోడ్ అనే ఉత్సవంలో బృందగాన పోటీలు. రెండు, ప్రార్థనాలయంలో ఒకరు చరణం ఎత్తిస్తే సభ అంతా సాగదీసి అందుకొనే కీర్తనగానం. వీటికి వెలుపల, ఉన్ని బట్టను తడిపి బల్లమీద బాదుతూ స్త్రీలు పాడుకొన్న శ్రామికగేయాలు ఉండేవి. మన దంపుళ్ళ పాటలవలె పనితో పుట్టి, పని పోగానే పండితుల ధ్వనిముద్రికలలోకి చేరిన పాటలవి. యువకుడొకడు ఎలక్ట్రిక్ గిటారు పట్టుకొని తన నేటి అనుభవాన్ని గేలిక్‌లో పాడేందుకు వీటిలో ఎక్కడా చోటు లేదు.

నాట్యశాలల కాలం

రోరీ మెక్‌డొనాల్డ్, కాలమ్ మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు. బాల్యం నార్త్ యూయిస్ట్, స్కై ద్వీపాలలో గడిచింది. అకార్డియన్ వాయించే బ్లెయిర్ డగ్లస్‌తో కలిసి 1973లో వారు ప్రారంభించినది పెళ్ళిళ్ళకు, ఊరి వేడుకలకు వాయించే నృత్యబృందం మాత్రమే. మొదటి ప్రదర్శన స్కైలో కూడా జరగలేదు. గ్లాస్గోలో స్థిరపడిన యూయిస్ట్ ద్వీపవాసుల సంఘం కెల్విన్ హాల్‌లో ఏర్పాటు చేసిన నృత్యకార్యక్రమంలో జరిగింది. ఈ వివరం చిన్నదే గాని విలువైనది. వలసపోయిన పల్లె నగరంలో తనను తాను కలుసుకొనే చోట ఈ సంగీతం పుట్టింది. ఆ తరువాత కూడా అది పల్లెకూ నగరానికీ మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. 1974లో స్కై వాడే అయిన డోనీ మన్రో గాయకుడుగా చేరాడు. వృత్తిచేత అతడు చిత్రకళా ఉపాధ్యాయుడు. (రాయలసీమలో కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రోను ఈ ఇంటిపేరు గుర్తు చేయవచ్చు; ఉన్న పోలిక పేరు వరకే.)

1973లోనే స్కై దక్షిణభాగంలో సావల్ మోర్ ఓస్టెగ్ అనే గేలిక్ కళాశాల మొదలైంది. అదే సంవత్సరం జాన్ మెక్‌గ్రా రచించిన నాటకమొకటి హైలాండ్స్ గ్రామశాలల్లో తిరుగుతూ, గొర్రెల కోసం, వేట కోసం, చమురు కోసం ఆ నేలను ఎవరెవరు ఎలా వాడుకొన్నారో ప్రజలకు చూపింది. ఈ మూడింటినీ కలిపి గేలిక్ పునరుజ్జీవనమని పేరుపెట్టడం తరువాతి చరిత్రకారులకు సులువైంది. ఆనాటి నృత్యబృందానికి అటువంటి ఉద్దేశం ఉన్నట్లు చెప్పడానికి ఆధారమేమీ కనిపించదు. శనివారం రాత్రి జనం ఆడాలి, బృందం వాయించాలి. వాయించినవాటిలో ఇంగ్లీషు పాప్ పాటలూ ఉన్నాయి, పాత నృత్యబాణీలూ ఉన్నాయి. అయితే ఆ అలవాటే వారికి మేలు చేసింది. మోడ్ సభలో శ్రోత కూర్చొని వింటాడు, న్యాయనిర్ణేత ఉచ్చారణకు మార్కులు వేస్తాడు. నాట్యశాలలో పాట నచ్చకపోతే జనం కాళ్ళు కదపరు. ఐదేళ్ళపాటు ఆ పరీక్షకు నిలబడిన తరువాతనే వారు మొదటి ఆల్బమ్ చేశారు.

అది 1978లో వచ్చింది. రన్‌రిగ్ ప్లే గేలిక్ అని దాని పేరు. ఏదో వాద్యం పేరు చెప్పినట్లు భాష పేరు చెప్పడం అందులోని విశేషం. పాటలన్నీ గేలిక్‌లోనే ఉన్నాయి. అధికభాగం అన్నదమ్ములు కొత్తగా కట్టినవే. నేడు వింటే దాని సంగీతం మెత్తగా, జానపదానికి దగ్గరగా ఉంటుంది. రాక్ అనదగిన ఉధృతి దానిలో లేదు. దాని ప్రాముఖ్యం సాహిత్యపరమైనది. పాతపాటను కొత్తవాద్యంతో పాడటం అప్పటికే ఉంది. కొత్తపాటనే గేలిక్‌లో రాయడం, అదీ పోటీ కోసమో ప్రార్థన కోసమో కాకుండా రాయడం అరుదు. కవిత్వంలో ఈ పనిని స్కై పక్కనున్న రాసే ద్వీపపు కవి సోర్లీ మెక్‌లీన్ 1943 నాటి తన ప్రేమకవితా సంపుటితో చేసి చూపాడు. పాటలో దానికి సాటి రావడానికి మరో 35 ఏళ్ళు పట్టింది.

సొంత రికార్డు సంస్థ, సొంత చరిత్ర

1978లో గిటారిస్టు మాల్కమ్ జోన్స్ చేరికతో ధ్వని మారింది. అతడు బ్యాగ్‌పైప్ కూడా వాయించేవాడు. పైప్ వాదకుడు ఒక స్వరం మీదికి చేరేముందు వేళ్ళతో వేసే చిన్నచిన్న గమకాలవంటివి అతని ఎలక్ట్రిక్ గిటారులోనూ వినిపిస్తాయి. ఆనాటి ఇతర జానపద రాక్ బృందాలు గిటారు పక్కన పైప్‌ను నిలబెట్టాయి. రన్‌రిగ్‌లో గిటారే పైప్‌లా మాట్లాడింది. 1980లో ఇయాన్ బేన్ డ్రమ్స్ వాదకుడుగా వచ్చి కాలమ్‌కు ఆ భారం తగ్గించాడు. కాలమ్ పాటల రచనకు, ఇతర తాళవాద్యాలకు మళ్ళాడు.

1979లో రెండవ ఆల్బమ్ హైలాండ్ కనెక్షన్ వారి సొంత సంస్థ రిడ్జ్ రికార్డ్స్ ద్వారా వెలువడింది. లండన్ కంపెనీల తలుపు తట్టి నిలబడకుండా, తామే ముద్రించి, ఊరూరా ప్రదర్శనలలో, స్థానిక దుకాణాలలో అమ్ముకొనే వీలు దీనివల్ల కలిగింది. భాష విషయంలో ఎవరి అనుమతీ అడగనవసరం లేకపోవడం ఈ ఏర్పాటు ఇచ్చిన అసలు లాభం. రన్‌రిగ్ ఎదుగుదలను గురించిన కథనాలు 1987 నాటి పెద్ద కంపెనీ ఒప్పందానికి ఇచ్చే చోటును ఈ చిన్న సంస్థకు ఇవ్వవు. కాని పాటల స్వరూపం తేలినది ఈ ఎనిమిదేళ్ళలోనే.

ఆ ఆల్బమ్‌లో రెండు పాటలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి లోక్ లోమండ్. స్కాట్లండు అంతా ఎరిగిన పాత ఇంగ్లీషు పాట. పర్యాటకుల పోస్టుకార్డు వంటి ఆ పాటను రన్‌రిగ్ తీసుకొని నెమ్మదిగా మొదలుపెట్టి, క్రమంగా పెంచి, చివరకు సభ అంతా గొంతు కలిపేటట్లు మలచింది. వారి ప్రదర్శనలకు ఏళ్ళ తరబడి ముగింపు అదే అయింది. రెండవది ఫిహెద్ బ్లియన, అంటే ఇరవై ఏళ్ళు. ఇది బడిని గురించిన గేలిక్ పాట. ఎదిగి వచ్చిన యువకుడొకడు తనకు చదువు ఏమి నేర్పిందో, తన సొంత నేల కథను ఎందుకు నేర్పలేదో అడుగుతాడు. 1872 చట్టం దిగమింగిన మాటను ఒక శతాబ్దం తరువాత ఆ బడిలో చదివిన విద్యార్థే అదే భాషలో వెలికి తీసిన తీరుగా దీనిని చదవవచ్చు. లోక్ లోమండ్ బృందానికి జనాన్ని ఇచ్చింది. ఫిహెద్ బ్లియన బృందానికి చెప్పవలసిన విషయాన్ని ఇచ్చింది.

ఆ విషయం 1981లో వచ్చిన రికవరీ ఆల్బమ్‌లో పూర్తిగా తేలింది. శీర్షికాగీతం భూమి కోసం సాగిన పోరాటాన్ని తలచుకొంటుంది. మరొక పాట చీర్ అన్ ఆరమ్, సైన్యపు దేశమని అర్థం. ద్వీపాల మగవాళ్ళను తరతరాలుగా సైన్యంలోకి తీసుకొన్న రాజ్యం పట్ల అందులో కోపం ఉంది. వీటి నడుమ 1601లో నార్త్ యూయిస్ట్‌లో జరిగిన కారినిష్ యుద్ధానికి సంబంధించిన పాత శ్రామికగేయం, బల్లమీద బట్ట బాదే లయను డ్రమ్స్ లయగా మార్చుకొని వినిపిస్తుంది. బట్ట బాదే ఆడవాళ్ళు లేకపోయినా ఆ దెబ్బ మిగిలింది. రాక్ సంగీతానికి ప్రాణమైన బలమైన లయ బయటినుంచి తెచ్చుకొన్నది కాకుండా తమ పనిపాటలోనే ఉన్నదని బృందం గుర్తించడం ఈ ఆల్బమ్‌లో జరిగింది. గేలిక్ రాక్ అనే మాటకు నిజమైన అర్థం ఇక్కడినుంచే మొదలవుతుంది.

అమెరికా అనే నాట్యం

1985 నాటి హార్ట్‌లాండ్‌లో పాటలు 12. సగానికి కొంచెం తక్కువ గేలిక్‌లో ఉన్నాయి. అంతకు ముందు సంవత్సరమే విడిగా విడుదలై ఈ ఆల్బమ్‌లో చేరిన డాన్స్ కాల్డ్ అమెరికా మాత్రం ఇంగ్లీషు పాట. దీని చారిత్రక మూలం వివరంగా చెప్పుకోదగినది. నిఘంటుకర్త సామ్యూల్ జాన్సన్, అతని సహచరుడు జేమ్స్ బాజ్వెల్ 1773లో హెబ్రిడీస్ ద్వీపాలలో పర్యటించారు. అప్పటికే స్కై నుంచి జనం ఓడలెక్కి పోతున్నారు. ద్వీపం దక్షిణ కొననున్న ఆర్మడేల్‌లో ఒక సాయంత్రం అక్కడివారు ఆడిన నృత్యాన్ని గురించి బాజ్వెల్ తన దినచర్యలో రాసుకొన్నాడు. వలసలవల్ల పుట్టిన ఆ నృత్యానికి ఊరివారు పెట్టిన పేరు అమెరికా. ఒక జంట తిరగడం మొదలుపెడుతుంది. దాన్ని చూసి మరొక జంట, ఆపై మరొకటి, చివరకు అందరూ కదిలిపోతారు. వలస ఒకరినుంచి ఒకరికి ఎలా అంటుకొంటుందో ఆ నాట్యం చూపుతున్నదని అతడు గ్రహించాడు.

ఊరు ఖాళీ అవుతున్న దుఃఖాన్ని ఊరే నాట్యం చేసుకొన్న ఈ ఘటనను, నాట్యబృందంగా మొదలైన రన్‌రిగ్ రెండు శతాబ్దాల తరువాత నాట్యానికి తగిన పాటగా మార్చింది. పాట వేగంగా, హుషారుగా సాగుతుంది. విషయం నిర్వాసనం. ఈ రెంటి పొందికను లోపంగా భావించిన శ్రోతలు ఉండవచ్చు. బాజ్వెల్ చూసిన నాట్యంలోనూ ఆ పొందికే ఉందని గుర్తుంచుకొంటే ఆ అభ్యంతరం నిలవదు. ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటుంది. స్కై ప్రజల నిర్వాసనం గురించి ఈ బృందం రాసిన పాటలన్నిటిలో ఎక్కువమంది నోట నిలిచినది ఇదే, ఇదేమో ఇంగ్లీషులో ఉంది. నిర్వాసితుల మనుమలకు, మునిమనుమలకు అర్థమయ్యే భాష ఇంగ్లీషే కనుక, పాట వారి దాకా చేరాలంటే ఆ భాషలోనే వెళ్ళాలి. భాషానష్టాన్ని గురించిన పాట కూడా నష్టం తెచ్చిన భాషలోనే ఎక్కువ దూరం ప్రయాణించింది. ఇదే ఆల్బమ్‌లో 20వ శతాబ్దం తొలినాళ్ళలో లూయిస్ ద్వీపవాసి డొనాల్డ్ మెక్‌ఐవర్ రచించిన గేలిక్ గీతం కూడా ఉంది. ఖాళీ అయిన ఊరిని, ఆగని సముద్రఘోషను పక్కన పెట్టిన ఆ గీతం సాహిత్యంగా దీనికన్నా మిన్న. అది వెళ్ళిన దూరం మాత్రం తక్కువ.

విస్తృతి, దాని వెల

1987లో వెలువడిన కట్టర్ అండ్ ద క్లాన్‌తో బృందం స్కాట్లండు అంతటికీ తెలిసింది. అదే వేసవిలో ఎడింబరోలోని మరీఫీల్డ్ క్రీడాంగణంలో ఐర్లండు బృందం యూ2కు ముందు వాయించే అవకాశం వచ్చింది. తరువాత లండన్‌కు చెందిన క్రిసాలిస్ సంస్థ వారితో ఒప్పందం చేసుకొని ఆ ఆల్బమ్‌ను మళ్ళీ విడుదల చేసింది. 1989లో సర్చ్‌లైట్ విక్రయాల పట్టికలో 11వ స్థానం, 1991లో బిగ్ వీల్ 4వ స్థానం, 1993లో అమేజింగ్ థింగ్స్ 2వ స్థానం పొందాయి. 1991 జూన్‌లో లోక్ లోమండ్ సరస్సు ఒడ్డున బ్యాలొక్‌లో జరిగిన ప్రదర్శనకు 45 వేలకు పైగా జనం వచ్చారు. ఆ సంవత్సరం గేలిక్ మాట్లాడేవారి సంఖ్య 66 వేల లోపు. అంటే ఆ భాష మాట్లాడే మొత్తం జనంలో మూడింట రెండు వంతులకు సమానమైన సమూహం ఒకచోట చేరిందన్నమాట. చేరినవారిలో ఆ భాష తెలిసినవారు కొందరే అయి ఉంటారు.

కట్టర్ అండ్ ద క్లాన్‌లో పాటలు 10. గేలిక్ పాటలు 2. మొదటిదీ చివరిదీ అవే. మధ్యనున్న ఎనిమిదీ ఇంగ్లీషు. ఈ కూర్పు యాదృచ్ఛికంగా తోచదు. గేలిక్ ఇల్లు కట్టిన సామగ్రిగా ఉన్న స్థితినుంచి ఇంటి రెండు గడపలుగా మారింది. అయితే గడపల బరువు తక్కువేమీ కాదు. మొదటి పాట ఆల్బ, గేలిక్‌లో స్కాట్లండు పేరు. సొంత పార్లమెంటు కోసం 1979లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో పోలైన ఓట్లలో అధికభాగం అనుకూలంగా వచ్చినా, మొత్తం ఓటర్లలో 40 శాతం అనే షరతు కారణంగా అది వీగిపోయింది. పార్లమెంటు కోసం ఎడింబరోలో సిద్ధం చేసిన భవనం ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీ ఇంటిని పాట వేలెత్తి చూపుతుంది. హైలాండ్స్‌కు మాత్రమే చెందిన భాషగా దక్షిణ ప్రాంతాలవారు ఎంచిన గేలిక్, ఇక్కడ దేశమంతటి రాజకీయ వేదనను పలికే స్వరమయింది. అర్థం కాని శ్రోతకు కూడా ఆ పేరొక్కటి అర్థమయింది.

చివరి పాట అన్ ఊవల్ అస్ ఆర్జ, చిటారుకొమ్మ మీది ఆపిల్ అని భావం. ప్రార్థనాలయపు కీర్తనగానం నీడ దాని రాగంలోనూ భావంలోనూ ఉంది. ఎనిమిదేళ్ళ తరువాత, 1995లో, కార్ల్స్‌బర్గ్ బీరు టెలివిజన్ ప్రకటనకు దాన్ని వాడుకొన్నారు. దానితో విడిగా విడుదలై బ్రిటన్ పట్టికలో 18వ స్థానానికి చేరింది. స్కాట్లండు గేలిక్ పాట ఒకటి మొదటి 20లోకి రావడం అదే మొదటిసారి. అంతకు మూడేళ్ళ ముందు కేపర్కేలీ బృందం పాడిన శ్రామికగేయం మొదటి 40లో ప్రవేశించింది. దైవచింతన నిండిన పాట బీరు ప్రకటన భుజాలమీద ఊరేగడంలోని వ్యంగ్యం ఎవరికైనా తట్టేదే. అంతకన్నా ఆలోచింపజేసేది, ప్రకటనకర్తలకు ఆ పాట పనికిరావడానికి గల కారణం. అర్థం తెలియకపోవడమే అక్కడ దాని విలువ. అది నిర్దిష్టమైన మాటగా కాక దూరం, ప్రాచీనత, స్వచ్ఛత అనే భావాల మేళవింపుగా వినబడింది.

అర్థం తెలియని శ్రోతల మధ్య భాష బతకడం తెలుగు సాహిత్య చరిత్రకు బాగా పరిచితమైన స్థితి. త్యాగరాజ కీర్తనలు పుట్టినది తమిళనేల మీద. వాటిని నిలిపినవారిలో తెలుగు రానివారు ఎందరో. 1940లలో తమిళ ఇసై ఉద్యమం లేవనెత్తిన ప్రశ్న కూడా ఇదే కోవకు చెందినది. శ్రోతకు తెలియని భాషలో పాడటం దేనికన్నది దాని సారం. ఆ వాదంలో న్యాయాన్యాయాల మాట ఎలా ఉన్నా, తెలుగుకు ఒక భద్రత ఉంది. కచేరీలో అర్థం కాకున్నా, కృష్ణా గోదావరీ తీరాలలో కోట్లమంది దాన్ని వాడుకలో నిలిపి ఉంచారు. గేలిక్‌కు ఆ రెండవ ఇల్లు లేదు. కనుక సంగీతం భాషను నిలుపుతుందన్న వాదాన్ని తెలుగు అనుభవం నుంచి గేలిక్‌కు నేరుగా వర్తింపజేయడానికి వీలులేదు. పాట భాషకు ఇవ్వగలిగినది ప్రతిష్ఠ. మాట్లాడేవారిని అది ఇవ్వలేదు.

ప్రతిష్ఠ చిన్న విషయమని దీని భావం కాదు. 1985లో గ్లాస్గో, ఇన్వర్నెస్ నగరాలలో గేలిక్ మాధ్యమ ప్రాథమిక తరగతులు మొదలయ్యాయి. ఆ తరువాతి సంవత్సరాలలో గేలిక్ టెలివిజన్‌కు ప్రత్యేక నిధి, 2005లో స్కాట్లండు పార్లమెంటు చేసిన గేలిక్ భాషాచట్టం, 2008లో బీబీసీ ఆల్బ ప్రసారకేంద్రం వచ్చాయి. వీటిని రన్‌రిగ్ తెచ్చిందనడం అతిశయోక్తి. వాటివెనుక ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, భాషాసంఘాలు చేసిన దీర్ఘకాలపు పని ఉంది. అయితే తమ బిడ్డను గేలిక్ బడికి పంపాలా వద్దా అని ఆలోచించే నగరపు తల్లిదండ్రుల దృష్టిలో ఆ భాష అమ్మమ్మల వంటింటి భాషగా ఉండటానికీ, క్రీడాంగణాలు నింపే భాషగా ఉండటానికీ తేడా ఉంది. ఆ తేడాను కొలిచే జనగణన పట్టిక ఏదీ లేదు.

మన్రో తరువాత

డోనీ మన్రో 1997 సాధారణ ఎన్నికలలో లేబర్ పార్టీ తరఫున స్కై ప్రాంతం కలిసిన నియోజకవర్గంలో పోటీచేసి చార్లెస్ కెనెడీ చేతిలో ఓడిపోయాడు. అదే సంవత్సరం బృందాన్ని వీడాడు. కీబోర్డు వాదకుడు పీట్ విషార్ట్ స్కాటిష్ నేషనల్ పార్టీ నుంచి 2001లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఒకే వేదికమీద ఆల్బ పాడిన ఇద్దరు రెండు ఎదురుపార్టీలలో తేలడం, ఆ పాటలోని ఆవేదన ఎవరి సొంతమూ కాదని తెలియజేస్తుంది.

మన్రో స్థానంలో 1998లో వచ్చిన బ్రూస్ గుత్రో కెనడాలోని కేప్ బ్రెటన్ ద్వీపంవాడు. హైలాండ్స్ నిర్వాసితులు పెద్దసంఖ్యలో దిగిన నేల అది. అమెరికా అనే నాట్యంలో ఓడెక్కి వెళ్ళినవారి గడ్డనుంచి ఒక గొంతు తిరిగివచ్చి ఆ పాటను పాడవలసి వచ్చింది. గుత్రో మాతృభాష ఇంగ్లీషు. గేలిక్ పాటలను అతడు నేర్చుకొని పాడాడు. తరువాతి 20 ఏళ్ళలో బృందానికి డెన్మార్క్, జర్మనీలలో గట్టి ఆదరణ ఏర్పడింది. 2007లో స్కాట్లండు ఫుట్‌బాల్ అభిమానులతో కలిసి మళ్ళీ ముద్రించిన లోక్ లోమండ్ 9వ స్థానం పొందింది. సంగీతపరంగా ఈ కాలం మునుపటిదానికి కొనసాగింపు. ప్రత్యేకంగా విశ్లేషించదగిన మలుపులు దీనిలో తక్కువ. 14వ స్టూడియో ఆల్బమ్ స్టోరీ 2016లో చివరిదిగా వెలువడింది. 2018 ఆగస్టులో స్టర్లింగ్ కోట నీడన రెండు రాత్రుల ప్రదర్శనతో బృందం విరమించింది.

2022 జనగణనలో స్కాట్లండు మొత్తం మీద గేలిక్ మాట్లాడగలమని చెప్పినవారు 69 వేలు దాటారు. 2011తో పోలిస్తే ఇది పెరుగుదల. అదే జనగణనలో యూయిస్ట్, లూయిస్ మొదలైన పశ్చిమ ద్వీపాలలో గేలిక్ మాట్లాడేవారి శాతం 52 నుంచి 45కు పడిపోయి మొదటిసారిగా సగానికన్నా తక్కువైంది. కెల్విన్ హాల్‌లో 1973లో నాట్యమాడిన వలసజనం ఏ ద్వీపాల నుంచి వచ్చారో ఆ ద్వీపాలలో భాష తగ్గుతున్నది. వారు వలస వచ్చిన గ్లాస్గోలో బడులలో పెరుగుతున్నది.